చిన్నతనపు కష్టాలు, జాతుల మధ్య తేడాలు, మనసు ఆరోగ్యం: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో పిల్లల ఆరోగ్యం మీద నివేదిక వస్తే అందులో తరచుగా ఒక పట్టిక ఉంటుంది. తెల్లజాతి పిల్లలు ఇంత శాతం, నల్లజాతి పిల్లలు ఇంత, హిస్పానిక్ (లాటిన్ అమెరికా మూలాలున్న) పిల్లలు ఇంత, ఆసియా పిల్లలు ఇంత అని. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పెరుగుతున్న మన తెలుగు పిల్లలు కూడా ఆ పట్టికలో ఒక గడిలో ఉంటారు. ఆ అంకెలు చూసి ‘వాళ్ల రక్తమే అంత’ అనేసుకోవడం చాలా తేలిక. ఆ మాట ఎంత తప్పో, ఆ అంకెల వెనక అసలు ఏముందో చెప్పడానికే ఈ ప్రశ్నలు, జవాబులు.

‘బాల్యంలో ప్రతికూల అనుభవాలు’ అని దేన్ని అంటారు?

పద్దెనిమిదేళ్లు నిండేలోపు పిల్లల మనసును గట్టిగా దెబ్బతీసే సంఘటనలను, పరిస్థితులను. పరిశోధకులు ఎక్కువగా వాడే జాబితాలో పది ఉన్నాయి. మాటలతో హింసించడం, కొట్టడం, లైంగికంగా వేధించడం, తిండీ బట్టా వైద్యం పట్టించుకోకపోవడం, ప్రేమ చూపకుండా వదిలేయడం ఒక ఐదు. మిగతా ఐదూ ఇంటి పరిస్థితికి సంబంధించినవి: అమ్మను కొడుతుంటే చూడటం, ఇంట్లో తాగుడు లేదా డ్రగ్స్, ఇంట్లో ఒకరికి మానసిక జబ్బు, తల్లిదండ్రులు విడిపోవడం, ఇంట్లోవాళ్లు జైలుకు వెళ్లడం. ఒక్కోదానికి ఒక్కో మార్కు వేసి, మొత్తాన్ని ఏస్ స్కోరు అంటారు (ఏస్ అంటే ఈ అనుభవాల ఇంగ్లీషు పేరుకు పొట్టి రూపం).

ట్రామా అనే మాట దీనికి దగ్గరిదే గానీ రెండూ ఒకటి కాదు. కష్టం బయట జరుగుతుంది. అది లోపల మిగిల్చిన గాయం పేరు ట్రామా. ఒకే ఇంట్లో ఒకే గొడవ చూస్తూ పెరిగిన అక్కకీ తమ్ముడికీ ఆ గాయం ఒకేలా ఉండదు.

ఈ లెక్క ఎక్కడ మొదలైంది?

శాన్‌డియాగోలో, బరువు తగ్గించే ఒక క్లినిక్‌లో. 1980లలో డాక్టర్ విన్సెంట్ ఫెలిట్టి దగ్గరికి వచ్చేవాళ్లలో, బరువు బాగా తగ్గుతున్నవాళ్లే మధ్యలో మానేసి వెళ్లిపోతుండేవాళ్లు. ఎందుకని కూర్చోబెట్టి అడిగితే చాలామంది తమ చిన్ననాటి లైంగిక హింస గురించి చెప్పారు. ఆ తర్వాత ఆయన, ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీకి చెందిన రాబర్ట్ ఆండా కలిసి 1995-97 మధ్య కైజర్ పర్మనెంటే అనే ఆరోగ్య బీమా, వైద్య సంస్థలో సభ్యులైన 17,000 మందికి పైగా పెద్దవాళ్లను వాళ్ల బాల్యం గురించి అడిగారు. మూడింట రెండొంతుల మందికి దగ్గరగా కనీసం ఒక కష్టం ఉందన్నారు. ఎనిమిది మందిలో ఒకరు నాలుగో అంతకన్నా ఎక్కువో చెప్పారు. ఒక్క కష్టం కూడా లేనివాళ్లతో పోలిస్తే, నాలుగో అంతకన్నా ఎక్కువో ఉన్నవాళ్లకు తాగుడు, డ్రగ్స్, డిప్రెషన్, ఆత్మహత్యాయత్నం ముప్పు 4 నుంచి 12 రెట్లు ఎక్కువని 1998లో వచ్చిన మొదటి వ్యాసం చెప్పింది.

వాళ్లు అడిగింది ఎవర్ని అన్నది కూడా గుర్తుపెట్టుకోండి. నాలుగింట మూడొంతుల మంది తెల్లవాళ్లు. అందరికీ హెల్త్ ఇన్సూరెన్స్ ఉంది. సగటు వయసు యాభై దాటింది. అంటే ఇదేదో పేదవాళ్ల సమస్యగానో ఒక జాతి సమస్యగానో బయటపడలేదు. మధ్యతరగతి తెల్లవాళ్ల ఇళ్లలోనే అంత బాధ దాగి ఉందని తెలిసి వైద్యులు నివ్వెరపోయారు.

జాతుల మధ్య తేడా నిజంగా ఉందా?

ఉంది. అమెరికాలో 2016లో జరిగిన జాతీయ పిల్లల ఆరోగ్య సర్వే ప్రకారం కనీసం ఒక ప్రతికూల అనుభవం ఎదురైన పిల్లలు నల్లజాతిలో 61 శాతం, హిస్పానిక్‌లలో 51 శాతం, తెల్లజాతిలో 40 శాతం, ఆసియా పిల్లల్లో 23 శాతం. ఈ సర్వే అడిగిన కష్టాల జాబితా పైన చెప్పిన పదికి కాస్త వేరు. అన్ని జాతుల్లోనూ కలిపి ఎక్కువగా కనిపించినవి డబ్బుకు కటకట, తల్లిదండ్రులు విడిపోవడం.

ఈ సర్వేలో జవాబులు చెప్పింది పిల్లలు కాదు, వాళ్ల తల్లిదండ్రులు. పైగా ‘మీ పిల్లల్ని కొడతారా, వేధిస్తారా’ అన్న ప్రశ్నే అందులో లేదు. ఈ రెండు విషయాలూ కింద ఆసియా పిల్లల దగ్గర మళ్లీ పనికొస్తాయి.

అయితే ఆ జాతుల్లో తల్లిదండ్రులు పిల్లల్ని సరిగ్గా చూసుకోరనే కదా అర్థం?

ఈ ప్రశ్నే నాకు అన్నిటికన్నా ఎక్కువగా ఎదురవుతుంది. దీనికి జవాబు కొంచెం నిదానంగా చెప్పాలి.

పది కష్టాల్లో ఒకటి తీసుకుందాం: ఇంట్లోవాళ్లు జైలుకు వెళ్లడం. 2010లో ప్యూ అనే పరిశోధన సంస్థ వేసిన లెక్క ప్రకారం అమెరికాలో తల్లి గానీ తండ్రి గానీ జైల్లో ఉన్న పిల్లలు నల్లజాతిలో 9 మందిలో ఒకరు. హిస్పానిక్‌లలో 28 మందిలో ఒకరు. తెల్లజాతిలో 57 మందిలో ఒకరు. ఈ తేడా ఎక్కడిది? 1986లో అమెరికా ఒక డ్రగ్స్ చట్టం చేసింది. పొడి రూపంలోని కొకైన్ 500 గ్రాములు దొరికితే కనీసం ఐదేళ్లు జైలు. అదే మందు క్రాక్ అనే గడ్డ రూపంలో 5 గ్రాములు దొరికితే చాలు, అదే ఐదేళ్లు. పొడి ఎక్కువగా తెల్లవాళ్ల దగ్గర, క్రాక్ కేసులు ఎక్కువగా నల్లవాళ్ల మీద. ఒకటికి వంద రెట్ల ఈ తేడాను 2010లో 18 రెట్లకు తగ్గించారు, పూర్తిగా తీసెయ్యలేదు. ఆ పాతికేళ్లలో ఎంతమంది నాన్నలు ఇంటికి రాలేదో ఊహించుకోండి. ఆ పిల్లల ఏస్ స్కోరులో పడిన మార్కుల వెనక ఇలాంటి చట్టాలు కూడా ఉన్నాయి. పెంపకాన్ని ఎలా తప్పుపడతాం?

డబ్బుకు కటకట సంగతీ అంతే. 1930లలో ప్రభుత్వ సంస్థలే నగరాల మ్యాపుల మీద నల్లవాళ్లున్న పేటలకు ఎర్రరంగు వేసి, అక్కడ ఇంటి అప్పు ఇవ్వడం ప్రమాదమని గుర్తించాయి. అమెరికాలో మధ్యతరగతి కుటుంబానికి ఆస్తి అంటే సొంత ఇల్లే. తాతకి ఇల్లు కొనుక్కునే వీలు లేకపోతే మనవడి స్కూలు ఫీజు దాకా ఆ లోటు వస్తుంది.

చూసే కళ్లలోనూ తేడా ఉంది. పద్దెనిమిదేళ్లు నిండేలోపు ఒక్కసారైనా పిల్లల సంక్షేమ శాఖ విచారణకు లోనయ్యే పిల్లలు అమెరికా మొత్తం మీద 37 శాతం ఉండవచ్చని 2017లో ఒక అంచనా వచ్చింది. నల్లజాతి పిల్లల్లో అది 53 శాతం. ఆసియా, పసిఫిక్ దీవుల పిల్లల్లో 10 శాతం. ఇందులో నిజంగా జరిగే హింస ఎంత, పేదరికాన్నే నిర్లక్ష్యంగా రాసుకోవడం ఎంత, అనుమానం ఎంత అని విడదీయకుండా ఒక జాతి పెంపకం మీద తీర్పు చెప్పడం తప్పు.

పది ప్రశ్నలూ అన్ని కష్టాలనీ పట్టుకుంటాయా?

పట్టుకోవు. ఇంటి గోడల లోపల జరిగేది మాత్రమే ఆ పదిలో ఉంది. వీధిలో తుపాకీ కాల్పులు, స్కూల్లో రంగు చూసి ఏడిపించడం, పెంపుడు ఇళ్ల మధ్య తిరగడం, ఇవేవీ లేవు.

ఫిలడెల్ఫియాలో 2012-13లో 1,784 మంది పెద్దవాళ్లను ఈ బయటి కష్టాలు కూడా కలిపి అడిగారు: హింస కళ్లారా చూడటం, వివక్ష, భయం లేకుండా తిరగలేని పేట, తోటిపిల్లల వేధింపు, ఫోస్టర్ కేర్. దాదాపు 14 శాతం మందికి పాత పదిలో ఒక్కటి కూడా లేదు గానీ ఈ కొత్తవాటిలో ఏదో ఒకటి ఉంది. పాత పద్ధతిలో అయితే వాళ్లందరి స్కోరూ సున్నా. ‘బాల్యం బాగానే గడిచింది’ అని రాసేసుకునేవాళ్లు.

కష్టాలు ఎక్కువైతే జబ్బులూ అంతే ఎక్కువ ఉండాలిగా?

ఉండాలనే అందరూ అనుకున్నారు. లెక్కలు మాత్రం వేరేగా వచ్చాయి.

2001-03లో అమెరికాలో నల్లజాతివాళ్ల మీద ఒక పెద్ద సర్వే జరిగింది. జీవితంలో ఎప్పుడైనా తీవ్రమైన డిప్రెషన్ వచ్చినవాళ్లు తెల్లవాళ్లలో 17.9 శాతం, కరీబియన్ దీవుల నుంచి వచ్చిన నల్లవాళ్లలో 12.9 శాతం, ఆఫ్రికన్ అమెరికన్లలో 10.4 శాతం. కష్టాలు ఎక్కువున్నవాళ్లలో జబ్బు తక్కువ. అయితే అదే సర్వేలో రెండో అంకె చూడండి. ఒకసారి డిప్రెషన్ వచ్చాక అది వదలకుండా ఏళ్ల తరబడి వెంటాడినవాళ్లు తెల్లవాళ్లలో 39 శాతం ఉంటే, రెండు రకాల నల్లవాళ్లలోనూ 56 శాతం. వచ్చేది తక్కువమందికి, వస్తే మాత్రం తొందరగా పోదు. వైద్యం అందినవాళ్లూ తక్కువే: తీవ్రమైన డిప్రెషన్ ఉన్న ఆఫ్రికన్ అమెరికన్లలో సగం కన్నా తక్కువ, కరీబియన్ నల్లవాళ్లలో నాలుగో వంతు.

దీనికి కారణాల మీద ఇంకా వాదన సాగుతోంది. చర్చి, బంధుబలగం, ఇరుగుపొరుగు ఇచ్చే ఆసరా అని కొందరంటారు. ఇంటింటికీ తిరిగే సర్వేకి జైల్లో ఉన్నవాళ్లు, ఇల్లు లేనివాళ్లు దొరకరని మరికొందరు. బాధ ‘దిగులుగా ఉంది’ అనే మాటలో కాకుండా ఒంటినొప్పిగా, కోపంగా, నిద్రలేమిగా బయటపడితే ప్రశ్నాపత్రం దాన్ని గుర్తించదని ఇంకొందరు. ఈ మూడో కారణం మనకు బాగా అర్థమవుతుంది. ‘గుండెల్లో బరువుగా ఉంది, ఒళ్లంతా మంటలు, కాళ్లూ చేతులూ లాగేస్తున్నాయి’ అని ఏళ్ల తరబడి డాక్టర్ల చుట్టూ తిరిగే అత్తయ్యలు, పిన్నులు మన ఇళ్లలోనూ ఉన్నారు. వాళ్లలో ఎవరూ ‘నాకు డిప్రెషన్’ అనరు.

పీటీఎస్‌డీ (భయంకర సంఘటన తర్వాత దాని భయం, జ్ఞాపకాలు వదలకుండా వెంటాడే జబ్బు) కూడా అంతేనా?

అక్కడ కథ వేరు. 2004-05లో 34,653 మంది అమెరికన్లను అడిగిన సర్వేలో జీవితకాలంలో పీటీఎస్‌డీ వచ్చినవాళ్లు నల్లవాళ్లలో 8.7 శాతం, తెల్లవాళ్లలో 7.4, హిస్పానిక్‌లలో 7.0, ఆసియావాళ్లలో 4.0. విచిత్రం ఏమిటంటే ఏదో ఒక భయంకర సంఘటన ఎదురైనవాళ్లు తెల్లవాళ్లలోనే ఎక్కువ. కానీ సంఘటన రకం వేరు. తెల్లవాళ్లలో అయినవాళ్ల ఆకస్మిక మరణం లాంటివి ఎక్కువ. చిన్నప్పుడు హింస, ముఖ్యంగా ఇంట్లో కొట్లాటలు చూడటం, నల్లవాళ్లలోనూ హిస్పానిక్‌లలోనూ ఎక్కువ.

ఇక సాయం అడగడం విషయంలో తెల్లవాళ్లు కానివాళ్లందరూ వెనకబడ్డారు. వాళ్లలో పీటీఎస్‌డీ ఉన్నవాళ్లు సగం మంది కూడా వైద్యానికి వెళ్లలేదు.

జాతిని బట్టి మెదడులోనే తేడా ఉందంటారు. నిజమా?

ఇది వాట్సాప్‌లో తిరిగే ప్రమాదకరమైన మాటల్లో ఒకటి. 2023లో అమెరికన్ సైకియాట్రీ జర్నల్‌లో వచ్చిన ఒక అధ్యయనం నేరుగా దీనిమీదే. తొమ్మిది, పదేళ్ల పిల్లలు, 7,000 మందికి పైగా తెల్లజాతి, 1,700 మందికి పైగా నల్లజాతి, వాళ్ల మెదడు స్కాన్లు పోల్చి చూశారు. భయాన్ని పసిగట్టే అమిగ్డలా, జ్ఞాపకానికి ముఖ్యమైన హిప్పోకాంపస్, ఆలోచనను అదుపు చేసే ముందు భాగం నల్లజాతి పిల్లల్లో కొద్దిగా చిన్నగా ఉన్నాయి. తర్వాత ఆ పిల్లల ఇంటి ఆదాయం, ఇంట్లో గొడవలు, ఉంటున్న పేట పరిస్థితి లెక్కలోకి తీసుకున్నారు. అలా చూశాక తేడాలు తగ్గాయి. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించిన కారణం ఇంటి ఆదాయం.

అంటే చర్మం రంగుకు సంబంధించిన తేడాలా పైకి కనిపించింది నిజానికి కష్టం వేసిన ముద్ర. పిల్లాడు నిత్యం భయంలో పెరిగితే ఒంట్లో కార్టిసాల్ లాంటి స్ట్రెస్ హార్మోన్లు తగ్గాల్సినప్పుడు తగ్గవు. మెదడు ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టే పెరుగుతుంది. క్లాసులో వెనక బెంచీలో కుర్చీ చప్పుడైతే ఉలిక్కిపడే పిల్లాణ్ని టీచర్ ‘ధ్యాస లేదు’ అని రాసుకుంటుంది. ఆ పిల్లాడి ధ్యాసంతా చప్పుడు మీదే ఉంది, ఇంట్లో అది అవసరమైంది కాబట్టి.

అమెరికా ఆదివాసుల గురించి ఎందుకు వేరుగా మాట్లాడతారు?

ఎందుకంటే వాళ్ల పిల్లల కష్టానికి ప్రభుత్వమే కర్త. 1879లో పెన్సిల్వేనియాలోని కార్లైల్‌లో ఆదివాసీ పిల్లల కోసం ఒక హాస్టల్ బడి పెట్టారు. పిల్లల జుట్టు కత్తిరించేవాళ్లు, పేర్లు మార్చేవాళ్లు, సొంత భాష మాట్లాడితే శిక్షించేవాళ్లు. ఆ తరహా బడులు దేశమంతా వెలిశాయి. అమెరికా ప్రభుత్వం 2024లో విడుదల చేసిన నివేదిక 1819 నుంచి 1969 వరకు నడిచిన 417 బడులను గుర్తించింది. కనీసం 973 మంది పిల్లలు వాటిలో చనిపోయారు. ఆ ఏడాది అక్టోబర్ 25న అధ్యక్షుడు బైడెన్ అరిజోనాలోని గీలా రివర్ వెళ్లి క్షమాపణ చెప్పారు.

బడులతో ఆగలేదు. 1978 దాకా ఆదివాసీ పిల్లల్లో 25 నుంచి 35 శాతం మందిని ఇళ్ల నుంచి తీసేసి ఎక్కువగా తెల్లవాళ్ల ఇళ్లకు, సంస్థలకు పంపించారు. ఆ ఏడాది వచ్చిన ఆదివాసీ బాలల సంక్షేమ చట్టం దాన్ని ఆపడానికే. 2023లో సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లుతుందని తీర్పిచ్చింది. కెనడాలో ఇలాంటి బడులకు దాదాపు 1,50,000 మంది పిల్లల్ని పంపించారు, చివరిది మూతపడింది 1990లలో. ఆస్ట్రేలియాలో ఇలా ఇళ్ల నుంచి తీసుకెళ్లిన ఆదివాసీ పిల్లలకు అపహరించిన తరాలు అనే పేరే ఉంది. 2008 ఫిబ్రవరి 13న అక్కడి ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు.

అమ్మ ఒడి తెలియకుండా వార్డెన్ బెత్తం కింద పెరిగిన పిల్ల, తను అమ్మ అయినప్పుడు బిడ్డను ఎలా ఎత్తుకోవాలో ఎవరిని చూసి నేర్చుకోవాలి? తరాల మధ్య పాకే ట్రామా అంటే ముందుగా ఇదే. కష్టం జీన్స్ మీద గుర్తులు వదిలి తర్వాతి తరానికి చేరుతుందా అని పరిశోధనలు జరుగుతున్నాయి గానీ, చిన్న చిన్న అధ్యయనాల మీద పెద్ద మాటలు చెప్పడం నాకు ఇష్టం లేదు. ఒడి దొరక్కపోవడం అర్థం కావడానికి ల్యాబ్ అక్కర్లేదు.

ఇంకొక అధ్యయనం గురించి తప్పకుండా చెప్పాలి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఆదివాసీ యువత ఆత్మహత్యలు చాలా ఎక్కువని అందరూ అనేవాళ్లు. మైకేల్ చాండ్లర్, క్రిస్టఫర్ లాలోండ్ 1987 నుంచి 1992 వరకు అక్కడి దాదాపు 200 ఆదివాసీ సమూహాలను విడివిడిగా చూశారు. సగానికి పైగా సమూహాల్లో ఆ కాలంలో ఒక్క యువ ఆత్మహత్య కూడా లేదు. కొన్నిట్లో మాత్రం దేశ సగటుకు ఎన్నో రెట్లు. భూమి హక్కు కోసం పోరాడుతున్న, స్వపరిపాలన ఉన్న, బడీ ఆసుపత్రీ తమ చేతుల్లో ఉన్న, తమ సంస్కృతికి ఒక చోటు కట్టుకున్న సమూహాల్లో పిల్లలు బతికారు. ‘ఆదివాసులు’ అని ఒక్క గడిలో వేసి సగటు తీస్తే ఇది ఎప్పటికీ కనిపించేది కాదు.

బ్రిటన్‌లో కూడా ఇలాంటి తేడాలున్నాయా?

ఉన్నాయి. లండన్, నాటింగ్‌హామ్, బ్రిస్టల్‌లలో 1990ల చివర్లో మొదలైన ఏసాప్ అధ్యయనంలో ఆఫ్రికన్ కరీబియన్ మూలాలున్నవాళ్లకు స్కిజోఫ్రీనియా (లేని గొంతులు వినపడటం లాంటి లక్షణాలున్న తీవ్ర మానసిక జబ్బు) తెల్ల బ్రిటిషర్ల కన్నా 9 రెట్లు ఎక్కువగా కనిపించింది. రక్తంలోనే ఉంటే వాళ్ల పూర్వీకుల దీవుల్లో కూడా అంతే ఉండాలి. జమైకా, ట్రినిడాడ్, బార్బడోస్‌లలో చూస్తే అంత లేదు. కాబట్టి కారణం బ్రిటన్‌లో వాళ్ల బతుకులో ఉంది.

ఆ అధ్యయనం బాల్యం గురించి కూడా అడిగింది. పదహారేళ్లలోపు తల్లి నుంచో తండ్రి నుంచో ఏడాదికి పైగా దూరమైనవాళ్లలో సైకోసిస్ (స్కిజోఫ్రీనియాలో లాగా నిజంతో సంబంధం తెగిపోయే స్థితి) ముప్పు రెండు మూడు రెట్లు. ఇది తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ ఒకటే. కానీ జబ్బు లేని మామూలు జనంలోనే చూస్తే, అలా దూరమైనవాళ్లు కరీబియన్లలో 31 శాతం, తెల్లవాళ్లలో 18 శాతం. దెబ్బ అందరికీ ఒకేలా తగులుతుంది, కొందరికి ఎక్కువసార్లు తగులుతుంది.

ఇది చదివి గల్ఫ్‌కు వెళ్లిన అమ్మానాన్నలు కంగారు పడొద్దు. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల్లో అమ్మమ్మ దగ్గర పెరిగిన పిల్లలు ఎందరో చక్కగా ఎదిగారు. దూరమే జబ్బు తేదు. కానీ వారం వారం వీడియో కాల్ కుదరకపోతే పిల్లలకు ముందే చెప్పండి, వస్తానన్న సెలవుకు రండి.

ఆసియా పిల్లల్లో 23 శాతమే అన్నారు. అంటే మన పిల్లలకు బాధ లేనట్టేనా?

లేనట్టు కాదు. మూడు సంగతులు చూడాలి.

ముందు ఆ ‘ఆసియా’ అనే గడి చూద్దాం. ఐటీ ఉద్యోగం మీద వచ్చిన తెలుగు కుటుంబం, పోల్‌పాట్ మారణకాండ నుంచి పారిపోయి వచ్చిన కంబోడియా కుటుంబం, ఇద్దరూ ఒకే గడిలో. కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో స్థిరపడిన కంబోడియా శరణార్థులను వాళ్లు వచ్చిన రెండు దశాబ్దాల తర్వాత పరీక్షిస్తే 62 శాతం మందికి పీటీఎస్‌డీ, 51 శాతం మందికి తీవ్రమైన డిప్రెషన్ ఉన్నాయని 2005లో తేలింది. పైన చెప్పిన ఆసియా సగటు 4 శాతం. ఆ సగటులో వీళ్లు కనిపించనే కనిపించరు.

తర్వాత, జవాబు చెప్పింది తల్లిదండ్రులు. ‘నాలుగు దెబ్బలు వేస్తే తప్పేంటి, మేము అలాగే పెరిగాం’ అనే ఇంట్లో దాన్ని కష్టంగా ఎవరు రాస్తారు? విడిపోకుండా ఏళ్ల తరబడి మాటల్లేకుండా ఒకే ఇంట్లో ఉండే అమ్మానాన్నలకు విడాకుల గడిలో మార్కు పడదు. మార్కుల కోసం, ఎస్‌ఏటీ కోసం, పక్కింటివాళ్ల అబ్బాయితో పోల్చి రోజూ చిన్నబుచ్చడం, వీసా ఏమవుతుందో అనే టెన్షన్‌లో ఇల్లంతా ఊపిరి బిగబట్టి ఉండటం, వీటికి ప్రశ్నలే లేవు.

మూడోది, సాయం అడగం. 2002-03 నాటి జాతీయ సర్వేలో మానసిక సమస్యకు ఏదో ఒక సేవ కోసం వెళ్లినవాళ్లు అమెరికా జనాభా మొత్తంలో 17.9 శాతం ఉంటే ఆసియా అమెరికన్లలో 8.6 శాతం. బుద్ధిమంతులైన మైనారిటీ అనే పేరు మనకు గొప్పగా వినిపిస్తుంది. ఆ పేరు వల్ల టీచర్‌కీ అనుమానం రాదు, డాక్టర్ కూడా అడగరు. పిల్ల ఏ ప్లస్‌లు తెస్తూనే రాత్రుళ్లు నిద్రపోకుండా ఏడుస్తూ ఉండవచ్చు.

మన దేశంలో పరిస్థితి ఏమిటి?

ఇక్కడ లెక్కలు జాతి గడుల్లో ఉండవు, కాబట్టి అమెరికా అంకెలతో పోల్చకూడదు. అయినా ఒకటి చెప్తాను. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లల్ని అడిగిన అధ్యయనం ప్రచురించింది. 53 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందన్నారు. ఎక్కువగా నమోదైన నాలుగు రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఎక్కువమంది పిల్లలు ఎవరికీ చెప్పలేదు. ‘ఇవన్నీ అమెరికాలో, మన సంస్కృతిలో ఉండవు’ అనేవాళ్లకు ఈ ఒక్క అంకె చాలు.

డాక్టర్ దగ్గరికి వెళ్తే జాతితో పని లేకుండా అందరికీ ఒకేలాంటి వైద్యం అందుతుందా?

అందాలి. అమెరికాలో నల్లవాళ్లకు స్కిజోఫ్రీనియా అని నిర్ధారణ రాసే అవకాశం తెల్లవాళ్ల కన్నా 2.4 రెట్లు ఎక్కువని 2018లో ఎన్నో అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ తేల్చింది. డిప్రెషన్‌నూ ట్రామానూ తప్పుగా చదవడం ఇందులో ఒక కారణమని చాలామంది నిపుణులు అంటారు. మందులు మారిపోతాయి, జీవితం మారిపోతుంది.

నా ఏస్ స్కోరు ఆరు వచ్చింది. నా జీవితం ఇంతేనా?

కాదు. ఆ స్కోరు జనాభా లెక్కల కోసం తయారైంది. దాన్ని తయారుచేసిన ఇద్దరిలో ఒకరైన రాబర్ట్ ఆండానే 2020లో, ఒక్కో మనిషి భవిష్యత్తు చెప్పడానికి ఆ స్కోరు వాడొద్దని రాశారు. ఒక్కసారి జరిగిందీ, పదేళ్లు జరిగిందీ రెండూ దానికి ఒకటే మార్కు. ఎంత తీవ్రంగా జరిగిందో, ఏ వయసులో జరిగిందో, ఎవరు అండగా నిలబడ్డారో దానికి తెలియదు. ఆన్‌లైన్ క్విజ్‌లో ఆరు వచ్చిందని రాత్రంతా మేలుకోకండి. పాత బాధ ఇప్పటి నిద్రను, పనిని, బంధాలను తినేస్తుంటే మాత్రం కౌన్సెలర్‌ని కలవండి. స్కోరు రెండైనా సరే, కలవండి.

పిల్లల్ని ఏది కాపాడుతుంది?

ఒక్క నమ్మకమైన పెద్ద మనిషి. అమ్మే కానక్కర్లేదు. నానమ్మ, పెద్దనాన్న, డ్రిల్ మాస్టారు, ఎదురింటి ఆంటీ, ఎవరైనా సరే. ఎన్ని దేశాల్లో ఎన్నిసార్లు పరిశోధించినా మళ్లీ మళ్లీ తేలేది ఇదే. దాంతోపాటు ఇంటి ఆదాయం కాస్త నిలకడగా ఉండటం, తనవాళ్లెవరో తెలిసి ఉండటం. గాయం అయిపోయాక కూడా వైద్యం ఉంది. పిల్లల కోసం ట్రామా ఫోకస్డ్ సీబీటీ అనే పద్ధతిలో పిల్లలూ, వాళ్లను చూసుకునే పెద్దలూ ఇద్దరూ థెరపిస్ట్‌తో పనిచేస్తారు. బాగా పరీక్షకు నిలబడిన పద్ధతి అది.

సాయం ఎక్కడ దొరుకుతుంది?

ఇండియాలో టెలీ మానస్ నంబరు 14416. 2022 అక్టోబర్‌లో మొదలైంది, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. పిల్లలకు ప్రమాదం ఉంటే 1098. అమెరికాలో మనసు బాగా కల్లోలంగా ఉన్నా, చనిపోవాలనిపించినా 988కి ఫోన్ చేయండి. ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగవచ్చు.

అమెరికాలోని తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లల మీద హింస జరుగుతోందని అనుమానం వస్తే టీచర్లు, డాక్టర్లు చట్టప్రకారం తెలియజేయాల్సిందే. ఆ భయంతో పిల్లను కౌన్సెలర్ దగ్గరికి పంపకుండా ఆపకండి. చెయ్యి చేసుకునే అలవాటు ఉంటే ముందు దాన్ని ఆపండి, దానికి కూడా సాయం దొరుకుతుంది.

మా బాబు క్లాసులో నల్లజాతి పిల్లలు ఎక్కువ. ఈ లెక్కలు చదివాక కొంచెం భయంగా ఉంది. ఏం చేయాలి?

మీరు నిజాయితీగా అడిగినందుకు సంతోషం, చాలామంది అడగకుండానే స్కూలు మార్చేస్తారు. 61 శాతం అంటే ఆ పిల్లల వల్ల మీ బాబుకు ముప్పు అని కాదు, ఆ పిల్లలు ఎక్కువ బరువు మోస్తూ స్కూలుకు వస్తున్నారని. మిగతా 39 శాతం మంది ఆ సర్వే అడిగిన కష్టాల్లో ఒక్కటీ ఎదుర్కోని పిల్లలు. మీ బాబు స్నేహితుడు ఏ లెక్కలో ఉన్నాడో అంకె చెప్పదు, వాడు ఇంటికి వచ్చి ఆడుకుంటే తెలుస్తుంది.

ఇంట్లో మన మాటలు కూడా ఒకసారి వినండి. ‘నల్లగా ఉన్నాడు, జాగ్రత్త’ అని ఫోన్‌లో బంధువులతో అన్న మాట పక్క గదిలో పిల్లలకు వినపడుతుంది. అదే బాబును రేపు బస్సులో ఎవరో రంగు చూసి ఏదో అంటే, వాడు ఇంటికొచ్చి మీకు చెప్తాడా, దాచుకుంటాడా అన్నది ఆ ఫోన్ మాటల మీద కూడా ఆధారపడి ఉంటుంది. ఈ శనివారం ఆ స్నేహితుణ్ని భోజనానికి పిలవండి. వాళ్ల అమ్మ తీసుకెళ్లడానికి వస్తే గుమ్మం దగ్గరే పంపించెయ్యకుండా లోపల కూర్చోబెట్టి టీ ఇవ్వండి.